నకొండెలో ఆగిన పిండిమర

నకొండె
జూన్ 18, 1996

చీషా అక్కకు,

రైలు దిగిన దగ్గర్నుంచీ లారీల దుమ్ము మింగుతూనే ఉన్నాను. అయినా ఈ ఉత్తరం నవ్వుకుంటూ రాస్తున్నాను. పెట్టె వచ్చింది. దార్ ఎస్ సలాం రేవులో ఏ దొంగా వేలు పెట్టలేదు. కస్టమ్స్ గోడౌనులో మేకులు పీకి మూత ఎత్తేసరికి సరిహద్దులో ఉన్న హమాలీలంతా పని మానేసి మూగారు. మన పిండిమర నా నడుమెత్తు ఉంది. ఒక పక్క ఇనుముకు బదులు మందమైన అద్దం పలక వేశారు. లోపలి సుత్తెలకు ఎరుపు, జల్లెడకు పసుపు, ఇరుసుకు నీలం రంగు. మోటారు ఆడుతుంటే ఏది ఎటు తిరుగుతుందో నీ బడి పిల్లలు కళ్ళారా చూడొచ్చు. ఇటలీ వాళ్ళ పనితనానికి దణ్ణం పెట్టాలి.

ఇక్కడ పరీక్ష చేసే ఆఫీసరు జెరె అని ఒక న్గోని వాడు. కాగితాలు చూశాడు. బడికి వచ్చిన ప్రదర్శన నమూనా, సుంకం లేదు, అని రాయబోతూ కలం ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం కోతిమాంసం తినేవాడా, ఈ అద్దాల పెట్టె పిండి చేస్తుందా, మీ బెంబా వాళ్ళలాగా ఊరికే చప్పుడు చేస్తుందా?" అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. న్గోని వాళ్ళకీ మనకీ తాతలు కొట్టుకున్న నాటి నుంచీ వేళాకోళం వరస. చావింట్లో శవం పక్కన కూర్చుని ఏడిపించినా కోపం తెచ్చుకోకూడదు, సరే. కాని జవాబు చెప్పకుండా ఊరుకుంటే బెంబా పుట్టుక పుట్టి దండగ కదా. నేనేం తక్కువ తిన్నానా. ఎలుకలు కాల్చుకు తినేవాడికి పిండి సంగతేం తెలుసు, కళ్ళు తెరిచి చూడు అన్నాను. గేటు దగ్గర మొక్కజొన్న అమ్ముకునే ఆవిడను పిలిచి ఒక గిన్నెడు గింజలు తీసుకున్నాను. మోటారు తీగ వాళ్ళ ప్లగ్గులోనే పెట్టాను. అక్కా, ఆ ఎర్ర సుత్తెలు అద్దం వెనక లేచి గింజల్ని తరుముతుంటే చూడాలి. కింద సంచిలో మంచులాంటి పిండి పడింది. జెరె చిటికెడు నోట్లో వేసుకుని, ఒప్పుకున్నాను, పిండే, అన్నాడు. గింజల ఆవిడ ఆ పిండి పట్టుకుపోతూ ఊళ్ళో మిల్లు కంటే మెత్తగా ఉందంది.

రేపు ముద్ర వేసి ఇస్తానన్నాడు. శనివారం రైలుకు బయల్దేరతాను. స్టేషనుకు చేతిబండి పంపు.

నీ తమ్ముడు
కపాంబ్వే

*

కసామా
జూన్ 27

తమ్ముడూ,

శనివారం రైలుకు చేతిబండీ ఇద్దరు మనుషులూ వెళ్ళి కూర్చున్నారు. నువ్వు రాలేదు, పెట్టె రాలేదు. రైలు గార్డు చేత నీ ఉత్తరం వచ్చింది. చదివి తల పట్టుకున్నాను.

నిన్ను పంపింది పెట్టె తెమ్మని. సరిహద్దులో గారడీ చేయమని కాదు. ఆ కాగితాల మీద ఏమని ఉంది? చూపించి చదువు చెప్పడానికి మాత్రమే, ఇంకే పనికీ రాదు అని ఉంది. కింద సంతకం ఎవరిది? నీది. ఆ సంతకం తడి ఆరకముందే నలుగురిని పోగేసి పిండి పట్టించావు. నీకు మరలు విప్పి బిగించే చెయ్యి ఇచ్చిన దేవుడు నోటికి ఒక బోల్టు ఇవ్వడం మరిచిపోయాడు.

ఎవరైనా అడిగితే ఆ రోజు మోటారు వేడెక్కిపోయిందనీ, గుప్పెడు గింజలకే మూలిగి ఆగిందనీ చెప్పు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడకు.

పిల్లలు రోజూ సాయంత్రం రోళ్ళ దగ్గరికి పోయే ముందు గేటు దాకా వచ్చి రోడ్డు చూసిపోతున్నారు. నవంబరులో లుసాకా నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఈ దేశంలో పిండిమర బాగుచేసే పనికి పరీక్ష రాస్తున్న మొదటి ఆడపిల్లలు వీళ్ళేనని ఆయనే అన్నాడు. యంత్రం ఎదురుగా లేకుండా పరీక్ష పెట్టరు. తొందరగా తెముల్చు.

చీషా

*

నకొండె
జూలై 9

అక్కా,

నీ తిట్లు అందాయి, అరిగించుకున్నాను. ఇక్కడ సంగతి నేననుకున్నంత తేలిగ్గా లేదు.

ఆ రోజు నేను నీకు రాయని ముక్క ఒకటుంది, అప్పటికి నాకు అది ముఖ్యం అనిపించలేదు. జెరె పిండి నోట్లో వేసుకున్న క్షణంలోనే స్టేషను పెద్దాఫీసరమ్మ ఈ గొడవేమిటని గోడౌనులోకి వచ్చింది. అందరి నవ్వులూ ఆగిపోయాయి. జెరె అటెన్షన్‌లో నిలబడ్డాడు, మీసం నిండా తెల్లటి పిండితో. ఆవిడ పెట్టెను ఒకసారి చూసి వెళ్ళిపోయింది. మర్నాడు నన్ను గదిలోకి పిలిచి లావుపాటి సుంకాల పుస్తకం తెరిచింది. నమూనా అంటే ఏమిటో అందులో రాసి ఉంది. చదువుకో, బడికో, ప్రదర్శనకో చేసినది అయితే చాలదట. ఇంకే పనికీ పనికిరానిదై ఉండాలట. అప్పుడే సుంకం ఉండదు. ఇంకో పని కూడా చేయగలిగితే అది నమూనా కాదు, ఆ పని చేసే యంత్రం.

మోటారు వేడెక్కిందని నువ్వు నేర్పిన అబద్ధం చెబుదామనే వెళ్ళాను. జెరె తలుపు దగ్గర నిలబడి తన మీసం మీద వేలు పెట్టి చూపించాడు. ఆ అబద్ధం మింగేశాను.

"మిస్టర్ కపాంబ్వే, ఒక్క మాటలో చెప్పండి. ఇది పిండి చేసిందా, లేదా?" అని అడిగింది ఆవిడ.

"చేసిందమ్మా."

"అయితే ఇది పిండిమర."

చెడ్డ మనిషి కాదు. నేను తిన్నానా లేదా అని కూడా అడిగింది. చూసింది చూడనట్టు రాయలేనంది, అంతే. యంత్రమైతే దిగుమతి లైసెన్సు కావాలి, అది మన దగ్గర లేదు. సుంకం మన బడి ఏడాది తిండి ఖర్చంతా కట్టినా తీరనంత. నేను సంతకం పెట్టి చెప్పింది అబద్ధమా కాదా అన్నది తేలేదాకా నా గుర్తింపు కార్డు వాళ్ళ సొరుగులో ఉంటుంది. కార్డు లేకుండా రోడ్డు మీద మొదటి చెక్‌పోస్టు కూడా దాటలేను. జెరె ముఖం చూపించలేక తిరుగుతున్నాడు. వేళాకోళానికి అన్నాను కాని ఇలా అవుతుందనుకోలేదన్నాడు. నేనూ అనుకోలేదన్నాను.

లారీ డ్రైవర్లు తినే పూటకూళ్ళ ఇంటి వెనక ఒక గది తీసుకున్నాను. కిటికీ లేదు.

కపాంబ్వే

*

కసామా
ఆగస్టు 2

తమ్ముడూ,

బస్సెక్కి లుసాకా వెళ్ళి వచ్చాను. పెద్ద ఆఫీసులో ఒక కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. నమూనానా, యంత్రమా అని తేల్చాలంటే తయారుచేసిన వాళ్ళు రాసిన పుస్తకం చూడాలన్నాడు. ఆ పుస్తకం కనపడటం లేదని చెప్పి వచ్చాను. దాని గురించి వాళ్ళు నిన్ను అడిగితే నువ్వూ అదే చెప్పు.

గార్డు చేత వేరుశెనగపప్పు కలిపి చేసిన చికండా పంపుతున్నాను, పాడవకముందు తిను. మేజోళ్ళు కూడా పెట్టాను. ఒంటిమీద గుడ్డలు ఉతుక్కుంటున్నావా? ఆ ఊళ్ళో నీళ్ళకు కరువని విన్నాను.

ఇక్కడ కొత్త మొక్కజొన్న వచ్చింది. గింజ గట్టిగా ఉంది. ఊరి మిల్లుకు పంపితే కూలీ కింద పిండిలోనే వాటా తీసుకుంటాడు, నెలాఖరుకు వంటింట్లో డబ్బా ఖాళీ. అందుకని పిల్లలే దంచుతున్నారు. కసుబా అని చెప్పానే, రెండో మాటు చెప్పించుకోని పిల్ల, నిన్న క్లాసులో పాన పట్టుకోబోయి జారవిడిచింది. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. బోల్టు ఎటు తిప్పాలో దానికి తెలుసు, చెయ్యి ముడుచుకోదు. మందు రాసి పంపించాను.

నువ్వు అధైర్యపడకు.

అక్క

*

నకొండె
ఆగస్టు 20

అక్కా,

చికండా అందింది. జెరెకు ఒక ముక్క పెడితే, ఎలుకంత రుచిగా లేదు గాని పరవాలేదన్నాడు. రెండు నెలల తర్వాత వాడి నోట వేళాకోళం విని నాకు ప్రాణం లేచొచ్చింది.

నా రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్పనా. పొద్దున్నే గోడౌనుకు పోతాను. జెరె తాళం తీస్తాడు. పెట్టె మీద ముద్రలు ఉన్నాయో లేవో ఇద్దరం చూసి, ఉన్నాయని రాస్తాం. తరువాత గేటు దగ్గర కూర్చుంటాను. లారీలు టాంజానియా నుంచి ఇటు వస్తాయి, ఇటు నుంచి అటు పోతాయి. సబ్బులు పోతాయి, సిమెంటు పోతుంది, కోళ్ళు కూడా పోతాయి. నేనూ నా పెట్టే తప్ప ఈ ఊళ్ళో ఆగినదేదీ లేదు. నిన్న ఒక డ్రైవరు నన్ను చూసి నీది ఇక్కడే ఉద్యోగమా అని అడిగాడు. పొద్దున లేవగానే తుంటి నొప్పి. పక్కగదిలో ఎవరు ఎప్పుడు దగ్గుతారో కూడా నాకు తెలిసిపోయింది. నా చేతులకు పని లేక పూటకూళ్ళ ఆవిడ పొయ్యి రెండుసార్లు విప్పి బిగించాను. మూడోసారి ముట్టుకుంటే అన్నం పెట్టనంది.

ఇప్పుడు మంచి కబురు. జెరె రూల్సన్నీ తిరగేసి ఒక దారి పట్టాడు. బడి పెద్ద హామీపత్రం రాసివ్వాలి. ఈ యంత్రాన్ని ఏనాడూ పిండి పట్టడానికి వాడము, వాడే ఉద్దేశమూ మాకు లేదు, దైవసాక్షిగా, అని. పెద్దాఫీసరమ్మ విని, బడి మాట నమ్ముతాను, అంది. ఎంత మాట. కాగితం జెరే టైపు చేయించాడు, ఇందులో పెట్టాను. నువ్వు సంతకం పెట్టి బడి ముద్ర వేసి వచ్చే రైలుకే పంపు. ఆ తరువాతి రైల్లో నేనుంటాను.

నా గుడ్డల గురించి అడిగావు. ఉతుక్కుంటున్నాను.

కపాంబ్వే

*

కసామా
సెప్టెంబరు 6

తమ్ముడూ,

ఎండలు ముదిరాయి. బడి వెనక గడ్డికి ఎవరో నిప్పు పెడితే పిల్లలు కొమ్మలతో కొట్టి ఆర్పారు. వంటింటి పక్కన కొత్తగా ఒక అరుగు కట్టించాం, పగుళ్ళు రాకుండా రోజూ నీళ్ళు పోయిస్తున్నాను. కసుబా చెయ్యి మానింది. మళ్ళీ బొబ్బలెక్కింది. తుంటి నొప్పికి వేడి ఇసుక మూట కట్టి కాపడం పెట్టుకో, పూటకూళ్ళ ఆవిడను అడిగితే చేసి పెడుతుంది. ఆవిడ పొయ్యి జోలికి మాత్రం పోకు.

జెరె మంచివాడిలాగే ఉన్నాడు. వాడికి నా నమస్కారాలు చెప్పు.

అక్క

*

నకొండె
సెప్టెంబరు 15

అక్కా,

కవరు బోర్లించి దులిపాను. కాగితం లేదు. పోయిన రైలుకూ లేదు, నిన్నటి రైలుకూ లేదు. గార్డు పారేశాడేమోనని వాడితో పోట్లాడి తలవంపులు తెచ్చుకున్నాను.

సంతకం పెట్టడానికి నీకేం అడ్డం వచ్చింది? అరుగు మీద నీళ్ళు పోయడానికి తీరిక ఉంది, నీ పేరు రాయడానికి లేదా? పెద్దాఫీసరమ్మ రోజూ నావైపు చూసి తల తిప్పుకుంటోంది. మీ అక్క ఏదో దాస్తోందని ఇక్కడ అందరూ అనుకుంటున్నారు, నేను కూడా అనుకోవడం మొదలుపెట్టాను. ఏం జరుగుతోందో చెప్పు.

కపాంబ్వే

*

కసామా
సెప్టెంబరు 29

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేను. అది అబద్ధం కాబట్టి. అరుగు కట్టించానని రాశాను కదా, అది ఆ పిండిమరకే. దాని కాళ్ళకు సరిపడా నాలుగు బోల్టులు కూడా పూడ్పించాను. పొద్దున పిల్లలకు దాని మీద పాఠం, మధ్యాహ్నం వంటింటికి పిండి. మొదటి నుంచీ నా ఉద్దేశం అదే. ఇటలీ వాళ్ళకు రాసింది కూడా నేనే. మామూలుగా వాళ్ళు చేసే నమూనాలు ఊరికే తిరుగుతాయి, పని చెయ్యవు. నిజంగా పిండి పట్టే మోటారు పెట్టండి, పిల్లలు ఆకలితో ఉన్నారని రాశాను. వాళ్ళు పెట్టారు. వాళ్ళ పుస్తకం మొదటి పేజీలోనే ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నారు. అందుకే అది కనపడలేదన్నాను.

ఈ ఆడపిల్లల్ని మెకానిక్కులను చేస్తానని తల్లుల దగ్గర్నుంచి తీసుకొచ్చాను. వాళ్ళు ఇక్కడ చదివేది తక్కువ, దంచేది ఎక్కువ. ఇంటి దగ్గర దంచినదానికంటే ఎక్కువ దంచుతున్నారు. పాఠం చెబుతుంటే కూర్చున్నచోటే నిద్రపోతారు. నా బడి చూసి నాకే సిగ్గేస్తుంది. ఆ మర వస్తే సాయంత్రాలు వాళ్ళవి అవుతాయి. నాకు ఇంకే ఆశా లేదు.

నీకు ముందే చెబితే నువ్వు డిక్లరేషన్ మీద సంతకం పెట్టేవాడివి కాదు. నీ సంగతి నాకు తెలుసు. అందుకే చెప్పలేదు. నువ్వు నోరు మూసుకుని పెట్టె తెచ్చుంటే ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

ఇప్పుడు కోపగించుకో.

చీషా

*

నకొండె
అక్టోబరు 8

అక్కా,

కోపగించుకోవడానికి నీ సెలవు అక్కర్లేదు.

నువ్వు పెట్టని సంతకం నాచేత పెట్టించావు. దేవుడి పేరు ఉందని నీ చెయ్యి ఆడలేదు. నా కాగితం మీదా ఉంది ఆ పేరు. జూన్ నుంచీ నేను పొద్దున్నే ఆ పెద్దాఫీసరమ్మ ముందు నిలబడి, అమ్మా, ఇది చూపించడానికే, మా అక్క మాట అంటే మాటే, అని చెబుతున్నాను. జెరె నన్ను వెనకేసుకొచ్చి తన పైవాళ్ళ చేత మాట పడ్డాడు. వాళ్ళు అనుమానపడింది నిజం. నేను చెప్పింది అబద్ధం. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలియని వాణ్ణి నేనొక్కణ్ణే.

నా నోటికి బోల్టు లేదన్నావు. నా నోరు చేసిన తప్పల్లా నిజం చెప్పడమే.

ఇక విను. పెట్టె గడువు నెలాఖరుతో అయిపోతుంది. విడిపించకపోతే వేలం వేస్తారు. అద్దం పలక ఉన్నా పరవాలేదు, నేను కొంటాను అని ఒక మిల్లు వ్యాపారి అప్పుడే వచ్చి చూసిపోయాడు. హామీపత్రం ఏదని జెరె అడిగితే మా అక్క రాయదన్నాను. ఎందుకని వాడు అడగలేదు, అర్థమైంది వాడికి. నన్ను గోడౌను గుమ్మంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తరువాత మెల్లగా చెప్పాడు. ఇంకొక్క దారి ఉంది. అది నిజంగానే ఇంకే పనికీ పనికిరాకుండా పోతే నమూనానే అవుతుంది. గింజ నిలవకుండా గది ఒక పక్క కోసెయ్యాలి, జల్లెడ చీల్చాలి, మోటారులో తీగ చుట్ట తీసెయ్యాలి. ఆఫీసు వాళ్ళ ఎదుట కొయ్యాలి. చేత్తో తిప్పితే సుత్తెలు తిరుగుతాయి, పిల్లలు ఇంకా బాగా చూస్తారు. పిండి మాత్రం ఏనాటికీ పడదు.

పరీక్ష నవంబరులో. నీ పిల్లలకు మర ఎదురుగా ఉండాలంటే ఇదొక్కటే. వేలానికి పోతే రెండూ పోతాయి. నాకు వేరే దారి కనపడటం లేదు.

కపాంబ్వే

*

కసామా
అక్టోబరు 16

తమ్ముడూ,

కోయొద్దు.

నన్ను ఎన్నైనా అను, పడతాను. దాన్ని మాత్రం కోయొద్దు. పరీక్ష వచ్చే ఏడు రాస్తారు. సుంకం డబ్బుకు నేను బిషపు గారి కాళ్ళు పట్టుకుంటాను. లుసాకా మళ్ళీ వెళ్ళి ఉన్నదంతా ఒప్పుకుంటాను, గడువు పెంచమంటాను. జరిమానా వేస్తే నా పేరు మీద వేయమను. జబ్బు చేసిన దాన్ని బతికించుకోవచ్చు, కోసిన ఇనుము మళ్ళీ అతకదని నీకంటే ఎవరికి తెలుసు? కోసిన చోట అతుకు వేస్తే మాట తప్పినవాళ్ళం అవుతాం, వెయ్యకపోతే వట్టి ఇనుము. నువ్వు యంత్రాల్ని బాగుచేసేవాడివి. నీ చేత్తో ఆ పని ఎలా చేస్తావు?

ఈ ఉత్తరం గార్డుకు ఇవ్వడం లేదు. బస్సు కండక్టరు చేతిలో పెట్టి దేవుడి మీద ఒట్టు వేయించుకున్నాను. అందిన వెంటనే కబురు పంపు.

అక్క

*

నకొండె
అక్టోబరు 20

అక్కా,

బస్సు ఇసోకా దగ్గర చెడిపోయిందట. నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. నిన్న పొద్దున్న కోశాను.

కోయడానికి కూలివాణ్ణి పెడతామన్నారు. ఒప్పుకోలేదు. వాడు ఇరుసు కూడా పాడు చేస్తాడు, పిల్లలకు చూడటానికి కూడా మిగలదు. నేనే సుద్దముక్కతో గీత గీశాను. పెద్దాఫీసరమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. రంపం కొత్తది. మూడుచోట్ల ఆగాను, చెయ్యి నొప్పి వల్ల కాదు. పక్క గోడ ముక్క ఊడి కింద పడ్డప్పుడు ఆవిడ లేచి వచ్చి, ఇప్పుడు గింజలు పోయండి, అంది. చూడాలి కదా. పోశాను. చేత్తో తిప్పాను. గింజలన్నీ కోసిన పక్క నుంచి ఎగిరి నేల మీద పడ్డాయి, ఒక్కటీ నలగలేదు. ఆవిడ తల ఊపి, నమూనా, అని రాసింది. నాకు కార్డు ఇస్తూ, క్షమించండి, అంది కూడా.

జెరె ఒక్క వేళాకోళం ఆడలేదు. వంగి ఆ గింజలు ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాడు. ఏమైనా అనరా ఎలుకలమారీ అన్నాను. ఏరిన గింజలు నా చేతిలో పోశాడు.

ఆఫీసు వాళ్ళు దానికి ఒక షరతు పెట్టారు. ఎప్పుడైనా మనిషిని పంపి చూస్తారు. అతుకు వేసినట్టు కనపడినా, వాడినట్టు కనపడినా బడి మీద కేసు. పిల్లల్ని కూడా అడుగుతారు. వాళ్ళకు చెప్పి ఉంచు.

పెట్టెను మంగళవారం గూడ్సులో ఎక్కిస్తాను. దానితో నేను రావడం లేదు. కార్డు జేబులో ఉంది, ఎటైనా పోవచ్చు. టికెట్టు కిటికీ దాకా వెళ్ళాను కూడా. నీ ముందు నిలబడి ఆ పెట్టె మేకులు పీకాల్సి వస్తుందని తలుచుకుని వెనక్కి వచ్చేశాను. ఇక్కడే ఒక లారీ షెడ్డులో పని ఉంది. గది అదే. ఎన్నాళ్ళో చెప్పలేను.

మర నూనె వేసి పంపుతున్నాను. తుప్పు పట్టదు.

కపాంబ్వే

*

కసామా
నవంబరు 30

తమ్ముడూ,

మర చేరింది. మేకులు నేనే పీకాను. నువ్వు కోసిన అంచులు ఆకురాయితో నున్నగా అరగదీసి పంపావు, పిల్లల వేళ్ళు తెగకూడదని. అది చూసి వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. నీ మీద కోపం అక్కడితో పోయింది. నా మీద ఉన్నది పోలేదు.

అరుగు మీద పెట్టలేదు, క్లాసు గదిలో పెట్టాం. నువ్వు చెప్పినట్టే పిల్లలకు నేర్పాను. ఎవరు వచ్చి అడిగినా, ఎలా అడిగినా, ఇది చూపించడానికి అని చెప్పండి, ఇంకో మాట వద్దు అన్నాను. రోజూ ప్రార్థన తరువాత వరసగా నిలబెట్టి అడిగేదాన్ని. తడబడిన పిల్లను మళ్ళీ అడిగేదాన్ని. నిజమే కదా చెప్పిస్తున్నాను, ఇందులో తప్పేముంది అనుకున్నాను. పాఠం అయ్యాక వాళ్ళు లేచి వెళ్ళి రోకళ్ళు పట్టుకునేవాళ్ళు. క్లాసు గదిలోకి ఆ చప్పుడు బాగా వినపడుతుంది.

పరీక్షాధికారి మొన్న వచ్చాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు. అందరూ పాసయ్యారు, నువ్వు సంతోషించాలి. ఇంత బాగా కోసిన నమూనా లుసాకాలో కూడా లేదన్నాడు, ఎవరి పనితనం అని అడిగాడు. నీ పేరు చెప్పాను. కసుబాను అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టాడు. సుత్తెలు అరిగితే ఎలా తెలుస్తుంది, జల్లెడ ఎప్పుడు మార్చాలి, ఇరుసు కొట్టుకుంటే ఏం చెయ్యాలి, అన్నిటికీ టకటకా చెప్పింది. ఆయనకు ముచ్చటేసింది. చివరికి మార్కులు నింపడానికి అన్నట్టు చిన్నపిల్లల ప్రశ్న ఒకటి వేశాడు.

"సరే తల్లీ, ఈ యంత్రం దేనికి?"

"చూపించడానికి, సార్."

ఆయన నవ్వాడు. అర్థం కాలేదేమోనని మళ్ళీ అడిగాడు, దీంతో మనం ఏం చేస్తాం అని. అది మళ్ళీ అదే మాట చెప్పింది. చెప్పి, సరిగ్గా చెప్పానా అన్నట్టు నా వైపు చూసింది. పొద్దున దంచిన పిండి ఇంకా దాని మోచేతుల మీద ఉంది. ఆయన ఆ ఒక్క ప్రశ్న దగ్గర సున్నా వేశాడు. అడ్డం వెళ్ళి ఒక్క మాట చెబితే సరిపోయేది. కస్టమ్స్ మనిషి కాదు ఆయన, భయపడాల్సింది ఏమీ లేదు. అయినా నేను తరువాతి పిల్లను పిలిచాను.

ఆయన వెళ్ళాక కసుబా నా దగ్గరికి వచ్చి ఎక్కడ తప్పు చెప్పానని అడిగింది. తప్పు లేదన్నాను. మరి మార్కు ఎందుకు పోయిందని అడిగింది. రెండు రోజులుగా అడుగుతూనే ఉంది.

తమ్ముడూ, లారీ షెడ్డు వాళ్ళకు చెప్పి వచ్చెయ్యి. నాతో మాట్లాడకపోయినా సరే. వచ్చి ఆ పిల్లకు పిండిమర దేనికో చెప్పు. నాకు నోరు రావడం లేదు.

చీషా